కార్పెట్ తడి: ముందు సన్‌రూఫ్ గొట్టాలు చూడండి

వానపడిన మర్నాడల్లా మీ పాత జర్మన్ కారులో ముందు కార్పెట్ తడుస్తోంది, డోర్ రబ్బర్లు మార్చినా ఆగలేదు అన్నారు కదండీ. ఏసీ వాడని రోజూ అంతేనంటే అవి ఏసీ నీళ్లు కావు, నా అనుమానం సన్‌రూఫ్ మీదే. దాని చుట్టూ ఉన్న కాలువలో నీళ్లు చేరడం మామూలే. మూలల్లోని సన్న గొట్టాలు వాటిని కిందికి దించుతాయి. మన కోనసీమలో కొబ్బరిచెట్ల కింద పెడితే పూత, దుమ్ము చేరి అవి పూడుకుపోతాయి. మూలలో గ్లాసుడు నీళ్లు మెల్లగా పోయండి. బయటికి కారకపోతే అదే రోగం. లావుపాటి గేలపు నైలాన్ దారం దూర్చి ఆడించండి. ఇనప తీగ వద్దు, పంక్చర్ షాపు గాలి అసలే వద్దు, లోపల గొట్టం ఊడితే పైకప్పు గుడ్డ దించాలి (నేను దించాను లెండి!). కార్పెట్ ఎత్తి, కింది స్పాంజీ కూడా ఆరబెట్టండి, చాలా కార్లకు వైరింగ్ అక్కడే. ఆ తడి జిగటగా, తియ్యటి వాసన వేస్తే మాత్రం అది వాననీరు కాదు, హీటర్ నుంచి కారే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం).