లిస్టు ఖాళీగా ఉందని కోడంతా చెరపకు

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

గుంటూరు మిర్చి యార్డు రేట్లు చూపించే యాప్ రాస్తున్నావని, వచ్చే వారం నాన్నకి తెలిసిన రైతులకి ఇస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బెజవాడలో కూర్చుని ఇక్కడ అందరికీ చెప్పుకున్నాను. లిస్టు ఖాళీగా వస్తోందని రాత్రి రెండింటి దాకా మేలుకున్నావట. ముందు తిని పడుకో. కోడ్ ఎక్కడికీ పోదు.

యాప్‌కి ఏ అనుమతులు కావాలో రాసే మానిఫెస్ట్ ఫైల్లో ఇంటర్నెట్ పర్మిషన్ ఉందో లేదో చూడు. సర్వర్ అడ్రస్ హెచ్‌టీటీపీఎస్ అయ్యుండాలి. ఉత్త హెచ్‌టీటీపీని ఆండ్రాయిడ్ 9 నుంచి మామూలుగా ఆపేస్తారు. సర్వర్ నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటే ఎమ్యులేటర్‌లో (ల్యాప్‌టాప్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్లో) లోకల్‌హోస్ట్ పనిచేయదు, 10.0.2.2 అని రాయాలి.

ఇక అసలు సంగతి. సర్వర్ నుంచి డేటా తెచ్చే రెట్రోఫిట్ లైబ్రరీలో ఎన్‌క్యూ పిలిచావు, కింది లైన్లోనే లిస్ట్ సైజు చూశావు. సున్నా రాక ఏమొస్తుంది? యార్డుకి మనిషిని పంపి, వాడు వీధి మలుపు తిరగకముందే రేట్ల చీటీ ఏదని అడిగినట్టుంది. ఎన్‌క్యూ పని అప్పజెప్పి వెంటనే వెనక్కొచ్చేస్తుంది. డేటా తర్వాతెప్పుడో, జవాబు వచ్చాక నడిచే ఆన్‌రెస్పాన్స్ అనే ఫంక్షన్‌లోకి వస్తుంది. నమ్మకపోతే ఆన్‌రెస్పాన్స్ లోపల ఒక లాగ్, ఎన్‌క్యూ కింద ఒక లాగ్ పెట్టు. లాగ్‌లు కనిపించే లాగ్‌క్యాట్‌లో కిందది ముందు పడుతుంది.

థ్రెడ్ స్లీప్ పెట్టి ఆగుదామనుకుంటావేమో, ఆ పని మాత్రం చేయకు! ఆండ్రాయిడ్‌లో ఆన్‌రెస్పాన్స్ నడిచేది కూడా స్క్రీన్ పనులు చూసే మెయిన్ థ్రెడ్ మీదే. దాన్ని నువ్వే నిద్రపుచ్చితే జవాబు వచ్చి గుమ్మంలో నిలబడుతుంది గానీ లోపలికి రాలేదు. నువ్వు ఎంతసేపు ఆగితే లిస్టు అంతసేపు ఖాళీ. ఈలోగా ఎవరైనా స్క్రీన్ తాకితే, 5 సెకన్లు దాటాక యాప్ స్పందించట్లేదని ఫోనే చెప్పేస్తుంది. కాబట్టి లిస్టుతో చేసే పనంతా ఆన్‌రెస్పాన్స్ లోపలికి మార్చు.

అక్కడ ఇంకో మెలిక ఉంది. లిస్టు పేరుకి కొత్త లిస్టుని తగిలిస్తే దాన్ని స్క్రీన్ మీద చూపించే అడాప్టర్ చేతిలో పాతదే ఉంటుంది. పాతదాన్నే క్లియర్ చేసి, యాడ్ ఆల్ చేసి, నోటిఫై డేటాసెట్ చేంజ్డ్ పిలువు.

లోపలి లాగ్‌లో కూడా సున్నా వస్తే జవాబు మీద అనుమానపడు. అడిగింది దొరకలేదని సర్వర్ చెప్పే 404 కూడా ఆన్‌రెస్పాన్స్‌కే వస్తుంది, బాడీ (జవాబు లోపలి డేటా) నల్‌గా, అంటే ఏమీ లేకుండా ఉంటుంది. ఈజ్ సక్సెస్‌ఫుల్ చూడకుండా ముట్టుకోకు. సర్వర్ పంపే జేసన్ డేటాలో పేరుకీ నీ క్లాసులో పేరుకీ ఒక్క అక్షరం తేడా ఉన్నా, దాన్ని చదివే జీసన్ లైబ్రరీ కిక్కురుమనకుండా నల్ పెట్టి ఊరుకుంటుంది. కాల్ విఫలమైతే నడిచే ఆన్‌ఫెయిల్యూర్ ఖాళీగా వదిలేశావు చూడు, దానికి మాత్రం నిన్ను తిట్టాలి. తప్పు తనంతట తానొచ్చి పేరు చెప్పే చోటు అదొక్కటే, దాని నోరు నొక్కేశావు.

నా భయం వేరే ఉంది తల్లీ. తేజ రకం మిర్చి టిక్కీలు (బస్తాలు) దింపుకుని నిలబడ్డ రైతుకి తెల్ల స్క్రీన్ కనిపిస్తే, ఇవాళ రేటే లేదనుకుని అడిగినవాడికి ఇచ్చేస్తాడు. యార్డు సెలవు రోజు లిస్టు నిజంగానే ఖాళీ. నెట్ లేనప్పుడు ఖాళీ వేరు, ఇంకా రానప్పటి ఖాళీ వేరు. మూడింటికీ మూడు మాటలు తెలుగులో రాయి: ‘తెస్తున్నాం’, ‘నెట్ అందలేదు’, ‘ఇవాళ యార్డు సెలవు’. మూడోది సర్వర్ సెలవని చెప్తేనే చూపించు, లిస్టు ఖాళీగా ఉందని నువ్వే ఊహించకు.

అన్నీ అయ్యాక ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి యాప్ తెరువు. ఏం కనబడిందో ఫొటో తీసి పంపు, చూసి ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న