సంఘం బయటి స్నేహితుల్ని వదులుకోవాలా?

నెల్లూరులో ఉద్యోగం, హాస్టల్లో రూమ్మేట్స్ ఇద్దరూ విశ్వాసులు కారు కానీ మంచివాళ్ళు, మన చర్చి సంఘంలో పెద్దలేమో "అవిశ్వాసులతో జోడుగా ఉండొద్దు" అంటున్నారు, ఏం చేయాలి అని అడిగావు. చెల్లెలి లాంటిదానివి కాబట్టి సూటిగా చెప్తాను. వాళ్ళని వదులుకోవద్దమ్మా.

ఆ మాట రెండో కొరింథీ పత్రిక 6:14లోది. అక్కడ చెప్పింది కాడి గురించి. ఒంగోలు గిత్తల్ని చూసి పెరిగినవాళ్ళకి దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు, రెండు మెడలూ ఒకే దిక్కుకి పోవాలి. పెళ్ళికీ ఆరాధనకీ అది వర్తిస్తుంది, నేనూ ఒప్పుకుంటాను. కూర పంచుకుని, జ్వరమొస్తే మాత్ర తెచ్చిచ్చే మనిషికి ఎలా వర్తిస్తుంది? 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో మిషనరీ క్లౌ దొర కాలంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పట్లో సువార్త ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పాకింది చుట్టరికాల మీదే, పరిచయాల మీదే. మొదట నమ్మినవాళ్ళు పాతవాళ్ళందరితో తెంచుకుని కూర్చుని ఉంటే ఇవాళ మన సంఘాలెక్కడివి?

నేను నెల్లూరులో పనిచేసేటప్పుడు నా రూమ్మేట్ ముస్లిం. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి తోడు రమ్మంది. వెళ్ళాను. వాళ్ళు స్వర్ణాల చెరువులో దిగి కోరికలు తీరాలని రొట్టెలు మార్చుకుంటుంటే నేను గట్టు మీద సంచులకీ చెప్పులకీ కాపలా. రొట్టె పట్టుకోనని గదిలోనే చెప్పేశాను. "సరేలే, చెప్పులు పోకుండా చూడు" అంది, అంతే. ఏదైనా ముందే చెప్తే గొడవుండదు. అక్కడిదాకా వెళ్ళి మొహం ముడుచుకుంటేనే ఎదుటివాళ్ళకి కష్టం. క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు వండేటప్పుడు నూనె దగ్గర కూర్చునేది ఆ పిల్లే. అచ్చు బాగా కాగందే పిండిలో ముంచనిచ్చేది కాదు.

నన్నడిగితే జాగ్రత్త ఎక్కువ కావాల్సింది సంఘం లోపలి స్నేహాల్లోనే. ఈ మాట ఎవరూ పైకి అనరు. "ప్రార్థన మనవి" పేరుతో మనింటి సంగతి వీధులన్నీ తిరగడం నువ్వూ చూసే ఉంటావు. సంబంధం తప్పిపోయిందని ఒకరి చెవిన వేస్తే, శుక్రవారం ఉపవాస కూటంలో నలుగురొచ్చి జాలిపడతారు. అందుకే నేను ముందు చిన్న విషయం చెప్పి చూస్తాను, జీతం ఆలస్యమైందనో, అత్తగారితో మాటా మాటా వచ్చిందనో. అది వేరేవాళ్ళ నోటి నుంచి నాకు తిరిగి రాకపోతే అప్పుడు పెద్దది చెప్తాను. ఇంకోటి, మనది తప్పయితే నలుగురిలో కాకుండా పక్కకి పిలిచి చెప్పే మనిషి కావాలి. అలాంటివాళ్ళు దొరికితే వయసు చూడకు. నాకు దొరికినావిడ మా అమ్మ ఈడుది.

దొరికాక నిలబెట్టుకోవడం వేరే పని. బైబిల్లో, సౌలు రాజు తరుముతుంటే దావీదు జీఫు అరణ్యంలో దాక్కున్నాడు. స్నేహితుడు యోనాతాను అక్కడికి వెళ్ళి మరీ ధైర్యం చెప్పాడు, తరిమే సౌలు తన సొంత తండ్రే అయినా. వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ పెట్టడం తేలిక. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకి క్యారేజీ పట్టుకెళ్ళి, రాత్రికి పక్కన పడుకోవాల్సొస్తే పడుకో.

పరిచయాలెలా అవుతాయంటావా? ఆదివారం ఆరాధన అయిపోగానే ఆటో కోసం పరిగెత్తకు. చాపలు చుట్టేవాళ్ళ దగ్గర కాసేపు ఆగి ఓ చెయ్యి వెయ్యి. నాకు ఆవిడ పరిచయమైంది అక్కడే.