ఒకరినొకరు నమ్మని అమెరికా, సోవియట్‌లు క్షిపణుల ఒప్పందాన్ని ఎలా అమలు చేశాయి?

నమ్మకంతో కాదు, తనిఖీలతో. 1987 డిసెంబర్ 8న రీగన్, గోర్బచేవ్ సంతకాలు చేసిన ఐఎన్ఎఫ్ (మధ్యశ్రేణి అణు క్షిపణుల) ఒప్పందమే చూడండి. నేల మీది నుంచి ప్రయోగించే, 500 నుంచి 5,500 కిలోమీటర్లు వెళ్లే క్షిపణులన్నీ రెండు దేశాలూ వదులుకోవాలి. 1991 నాటికి 2,692 ధ్వంసమయ్యాయి. అందులో 1,846 సోవియట్‌వే, అంటే ఎక్కువ వదులుకున్నది వాళ్లే.

అసలు చిక్కు ఫ్యాక్టరీ దగ్గర వచ్చింది. నిషేధించిన ఎస్ఎస్-20 క్షిపణి, ఒప్పందం హద్దు కన్నా ఎక్కువ దూరం వెళ్లేది కాబట్టి అనుమతి ఉన్న ఎస్ఎస్-25 క్షిపణి రెండూ సోవియట్ పట్టణం వోట్కిన్స్క్‌లోనే తయారయ్యేవి. పైగా వాటి మొదటి దశలు (కింది రాకెట్ భాగాలు) పైకి ఒకేలా కనిపిస్తాయి. అందుకే అమెరికా ఇన్‌స్పెక్టర్లు ఏకంగా ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరే మకాం పెట్టారు. బయటికొచ్చే రైలు పెట్టెలను కొలిచేవారు, కొన్నిటికి ఎక్స్‌రే కూడా తీసేవారు. సోవియట్ బృందమూ అమెరికాలో, యూటా రాష్ట్రంలోని మాగ్నాలో ఇలాగే కాపలా కాసింది. ఈ తనిఖీలు 2001లో ముగిశాయి.

తర్వాత అనుమానాలు ముదిరాయి. రష్యా 9ఎం729 క్షిపణి ఒప్పందంలోని దూరం హద్దు దాటిందని అమెరికా, రొమేనియాలోని అమెరికా క్షిపణి రక్షణ లాంచర్ల నుంచి నిషేధిత క్షిపణులూ ప్రయోగించవచ్చు కదా అని రష్యా ఆరోపించుకున్నాయి. 2019 ఆగస్టు 2న ఒప్పందం రద్దయింది. చైనా దగ్గర ఇలాంటి క్షిపణులు బోలెడున్నా దానికి ఏ కట్టుబాటూ లేకపోవడం కూడా అమెరికా వైదొలగడానికి గట్టి కారణమేనని నా అభిప్రాయం.