ప్లేట్ మీద అంకె తగ్గిందని వెంటనే సంబరపడకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ మెయిల్ చూశాను. సాల్మొనెల్లా బ్యాక్టీరియా మీద, దాన్ని మింగే రక్షణ కణాలైన మాక్రోఫేజ్‌ల మీద పని మొదలుపెడుతున్నావని తెలిసి సంతోషం. ముందుగా ఏ పేపర్లు చదవాలో చెప్పమన్నావు. పేపర్ల చిట్టా మీ గైడ్ ఎలాగూ ఇస్తారు. ఆ పేపర్లు మెథడ్స్ భాగంలో రెండు వాక్యాల్లో తేల్చేసే సంగతులు కొన్ని ఉంటాయి, నేను వాటి గురించి రాస్తాను. ఈ పనిలో నెలలకు నెలలు గంగలో కలిసేది అక్కడే.

ఇమ్యునాలజీ వైపు నుంచి వచ్చినవాళ్లకు కణాల మీద ఉన్న శ్రద్ధ బ్యాక్టీరియా మీద ఉండదు. మాక్రోఫేజ్‌లకు మీడియం ఎప్పుడు మార్చాలి, ఏ సీరం వాడాలి అని గంటసేపు మాట్లాడతారు. బ్యాక్టీరియా దగ్గరికి వచ్చేసరికి ‘ఓవర్‌నైట్ కల్చర్ వేశాను’ అని ఊరుకుంటారు. ఫ్రిజ్‌లోంచి తీసి కలిపే రీజెంట్ అనుకున్నావా దాన్ని? నీ మాక్రోఫేజ్‌కు ఉన్నట్టే దానికీ ఆకలి ఉంది, వయసు ఉంది, పరిస్థితిని బట్టి మారే స్వభావం ఉంది.

నీ సాల్మొనెల్లానే తీసుకో. జోరుగా పెరిగే లాగ్ (log) దశ చివరికి వచ్చేటప్పటికి దానిలో ఎస్‌పీఐ-1 జన్యువులు, అంటే కణాల్లోకి చొరబడటానికి వాడేవి, పనిచేస్తుంటాయి. ఆ సమయంలో కణాల మీద వేస్తే చాలా మాక్రోఫేజ్‌లు కొద్ది గంటల్లోనే పైరాప్టోసిస్ అనే, వాపు పుట్టించే కణమరణంతో పగిలిపోతాయి. అదే బ్యాక్టీరియాను రాత్రంతా పెంచి, పెరుగుదల ఆగే స్టేషనరీ దశకు చేరాక సీరంతో ఆప్సనైజ్ చేసి (కణం సులువుగా మింగేలా సీరం ప్రొటీన్లు అంటించి) వేశావనుకో, అంత గొడవ చెయ్యకుండా లోపలికి పోతుంది, లోపల బతకడానికి పనికొచ్చే ఎస్‌పీఐ-2 జన్యువుల సాయంతో వాక్యూల్‌లోనే (తనను మింగిన సంచిలోనే) కాపురం పెడుతుంది. స్ట్రెయిన్ అదే, మాక్రోఫేజ్ అదే, కథలు మాత్రం రెండు. ఒకే స్ట్రెయిన్ మీద రెండు ల్యాబులు ఎదురుబొదురు ఫలితాలు ప్రచురించాయంటే, సిద్ధాంతాల జోలికి వెళ్లేముందు ఎవరు ఏ దశలో కల్చర్ తీశారో చూడు.

కల్చర్‌ను పదేపదే తిరగవేస్తూ పోవడం ఇంకో జబ్బు. ప్లేట్ నుంచి ప్లేట్‌కు మార్చేకొద్దీ బ్యాక్టీరియా సుఖానికి అలవాటు పడుతుంది. క్షయ బ్యాక్టీరియా ఇలాగే పీడీఐఎం అనే తన పైపొర కొవ్వును పోగొట్టుకుంటుంది, దానితోపాటు రోగం కలిగించే శక్తీ తగ్గుతుంది. యెర్సీనియా బ్యాక్టీరియా అయితే 37 డిగ్రీల దగ్గర ఏకంగా రోగం కలిగించే జన్యువులున్న విరులెన్స్ ప్లాస్మిడ్ అనే డీఎన్‌ఏ ముక్కనే వదిలించుకోగలదు. కాబట్టి మొదటి రోజే గ్లిసరాల్ స్టాకులు ఎక్కువగా చేసి మైనస్ 80లో పెట్టు. ప్రతి ప్రయోగానికీ అక్కడి నుంచే కొత్త ప్లేట్ మీద గీసుకో. వారాల తరబడి ఫ్రిజ్‌లో పడి ఉన్న ప్లేట్‌ను ముట్టుకోకు.

ఎంఓఐ, అంటే సగటున కణానికి ఎన్ని బ్యాక్టీరియా వేశామనే లెక్క గురించి. ఓడీ (కల్చర్ ఎంత మసకగా ఉందో చూపే కొలత) చూసి ‘ఇన్ని బ్యాక్టీరియా ఉన్నాయి’ అని లెక్కకట్టడం మొదలుపెట్టడానికి సరిపోతుంది, అంతే. ఓడీకి చచ్చినదీ బతికినదీ ఒకటే. కణాల మీద వేసిన ద్రవంలోనే కొంత తీసి ప్రతిసారీ ప్లేట్ చెయ్యి. మర్నాడు కాలనీలు లెక్కపెట్టాకే నీ అసలు ఎంఓఐ ఎంతో తెలుస్తుంది. ఇంకో సంగతి, ఎంఓఐ 1 అంటే ప్రతి కణానికీ సరిగ్గా ఒకటి అని కాదు. వేసినవన్నీ లోపలికి వెళ్లాయనుకున్నా, పాయిసాన్ సంభావ్యత లెక్క ప్రకారం నూటికి 37 కణాలకు ఒక్కటీ దక్కదు, 26 కణాలకు రెండో అంతకంటే ఎక్కువో దక్కుతాయి. అలాంటి గిన్నెలోని కణాలన్నిటినీ కలిపి ఆర్‌ఎన్‌ఏ తీసి ‘సోకిన మాక్రోఫేజ్‌లో ఈ జన్యువు పెరిగింది’ అని రాస్తే, ఆ పెరుగుదల సోకిన కణానిదా, పక్కన కూర్చుని వాసన పట్టిన కణానిదా? ఆకుపచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రొటీన్ ఉన్న బ్యాక్టీరియా వాడి, సోకినవాటినీ సోకనివాటినీ సార్టర్‌లో విడదీసే అవకాశం ఉంటే విడదియ్యి.

ఇక జెంటమైసిన్ ప్రొటెక్షన్, అంటే ఈ యాంటీబయాటిక్‌తో కణం బయటి బ్యాక్టీరియాను చంపి లోపలివాటిని లెక్కపెట్టే పద్ధతి. నీ రోజువారీ పని ఇదే అవుతుంది కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను. అరగంట సేపు బ్యాక్టీరియాను కణాలతో ఉంచుతావు, కడుగుతావు, మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల జెంటమైసిన్ గంటసేపు వేస్తావు, తర్వాత 10కో 20కో తగ్గిస్తావు. జెంటమైసిన్ కణాల పొర దాటి సులువుగా లోపలికి పోలేదు కాబట్టి బయటవి చస్తాయి, లోపలివి మిగులుతాయి. అనుకున్న గంటకు 0.1 శాతం ట్రైటాన్ డిటర్జెంట్‌తో కణాలను పగలగొట్టి, పదో వంతు చొప్పున డైల్యూట్ చేస్తూ ప్లేట్ల మీద పరుస్తావు. డైల్యూషన్ మారినప్పుడల్లా టిప్ మార్చు. పాత టిప్ గోడకు అంటుకున్న చుక్కే కింది ట్యూబు లెక్కను పెంచేస్తుంది. 30కీ 300కీ మధ్య కాలనీలున్న ప్లేట్‌నే నమ్ము. మొదటిరోజు ఏ డైల్యూషన్ పనికొస్తుందో తెలియదు కాబట్టి నాలుగైదు వెయ్యి, పొదుపు చెయ్యకు.

అంతా బాగా చేశావు. 24 గంటల దగ్గర కాలనీలు బాగా తగ్గాయి. ‘మాక్రోఫేజ్ బ్యాక్టీరియాను చంపేసింది’ అని మీ మీటింగ్‌లో చెప్పబోతావు. ఆగు. ఆ అంకె తగ్గడానికి ఇంకెన్ని దారులున్నాయో చూడు. అసలు మొదట్లోనే లోపలికి తక్కువ వెళ్లి ఉండొచ్చు. సున్నా గంట ప్లేట్ లేకపోతే ఆ సంగతి నీకెప్పటికీ తెలియదు. జెంటమైసిన్ కణాల్లోకి సులువుగా పోలేదన్నమాట నిజమే గానీ, ఎక్కువ గంటలు ఉంచితే కణం ద్రవాన్ని గుటకలేసేటప్పుడు దాన్నీ కొంత మింగుతుంది. అన్నిటికంటే మోసం చేసేది కణాల చావు. మాక్రోఫేజ్ పగిలితే లోపలున్న బ్యాక్టీరియా బయటపడి సరాసరి జెంటమైసిన్‌లో మునుగుతుంది. దొంగ ఇంట్లో కనిపించలేదంటే ఇంటివాళ్లే పట్టుకున్నారని కాదు కదా, ఇల్లే కూలిపోయి వాడు వీధిలోని పోలీసుల చేతికి చిక్కి ఉండొచ్చు. చావడంలో వెనకబడిన నాకౌట్ (ఒక జన్యువును తీసేసిన) మాక్రోఫేజ్‌లో బ్యాక్టీరియా ‘ఎక్కువ’గా కనిపించడం, దాన్ని చూసి ఈ జన్యువు బ్యాక్టీరియాను చంపుతుందని తీర్మానించడం, ఇలాంటి తప్పుడు లెక్కలు నేను రివ్యూ చేసిన పేపర్లలో చాలా చూశాను.

అందుకని కాలనీల లెక్క పక్కనే, అవే గంటలకు, అదే ప్రయోగంలో ఎల్‌డీహెచ్ (పగిలిన కణాల నుంచి బయటికి కారే ఎంజైమ్) చూడు. ఇంకో రోజు వేరే గిన్నెలో చేసిన ఎల్‌డీహెచ్ పనికిరాదు. చివరిసారి కడిగిన నీళ్లను కూడా ప్లేట్ చెయ్యి, బయట ఏమీ మిగల్లేదని చూపించాలి. మింగడాన్ని ఆపే సైటోకలాసిన్ డీ వేసిన గిన్నె ఒకటి ఉండాలి. అందులోనూ బోలెడు కాలనీలు వస్తున్నాయంటే నువ్వు లెక్కపెడుతున్నది కణానికి బయట అంటుకున్నవాటిని. కణాలను పెంచే మీడియంలో పెనిసిలిన్-స్ట్రెప్టోమైసిన్ ఉంటే, ముందురోజే అవి లేని మీడియంలోకి మార్చు. ఇది చెప్పాల్సిన మాటేనా అనిపిస్తుంది, కానీ ప్రతి కొత్త బ్యాచ్‌కూ చెబుతూనే ఉన్నాను.

అంకెలకు ముందు కళ్లతో చూడు. జీవశాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్ 1882లో ఇటలీలోని మెస్సీనాలో చేసింది అంతకంటే ఏముంది? లోపలంతా కనిపించే స్టార్‌ఫిష్ లార్వాలో ముల్లు గుచ్చి, మర్నాడు దాని చుట్టూ గుమిగూడిన కణాలను చూశాడు. ఫాగోసైటోసిస్ (కణాలు క్రిములను మింగడం) అనే ఊహ అక్కడి నుంచే పుట్టింది, 1908లో నోబెల్ వచ్చింది. రక్తరసమే రక్షణ అనే పక్షంవాడైన పాల్ ఎర్లిక్‌తో కలిపి ఇచ్చారు, ఆ ఇద్దరూ బహుమతి పంచుకోవడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. నువ్వూ కవర్‌స్లిప్ మీద ఒక సెట్ పెట్టుకో. కణం పొరకు రంధ్రాలు చెయ్యకముందు ఒక రంగు యాంటీబాడీ, చేశాక ఇంకో రంగు యాంటీబాడీ వేస్తే బయటివి రెండు రంగుల్లోనూ, లోపలివి ఒక్క రంగులోనే కనిపిస్తాయి. జీఎఫ్‌పీ మెరుస్తోందని బ్యాక్టీరియా బతికుందనుకోకు, చచ్చాక కూడా కొంతసేపు మెరుస్తుంది.

ఎలుకల విషయం నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, అయినా రాస్తాను. అందరూ వాడే సీ57బ్లాక్6 ఎలుకల్లో ఎన్‌ర్యాంప్1 ప్రొటీన్ పనిచెయ్యదు. అందుకే అవి సాల్మొనెల్లాకు అంత తేలిగ్గా లొంగిపోతాయి. ‘129’ అనే రకం ఎలుకల్లో అది సరిగ్గా ఉంటుంది, తట్టుకుంటాయి. పాత నాకౌట్‌లు చాలావరకు 129 రకం స్టెమ్ సెల్స్‌లో చేసి తర్వాత బ్లాక్6కు బ్యాక్‌క్రాస్ చేసినవి (తరం తర్వాత తరం బ్లాక్6తో కలిపినవి). ఎన్ని తరాలు కలిపినా, మార్చిన జన్యువు ఇరుగుపొరుగు ముక్కలు 129వే మిగిలిపోతాయి. పైరాప్టోసిస్‌ను నడిపే ఎంజైమ్ కాస్పేస్-1 లేని నాకౌట్ ఎలుకల కథ ఇదే. 129 రకం ఎలుకల్లో కాస్పేస్-11 జన్యువు సహజంగానే చెడిపోయి ఉంది, అది కాస్పేస్-1 పక్కనే ఉంది, రెండూ కలిసే వచ్చాయి. అప్పటిదాకా కాస్పేస్-1 ఖాతాలో వేసిన పనుల్లో కొన్ని నిజానికి కాస్పేస్-11వని 2011లో బయటపడింది. పెద్ద పెద్ద ల్యాబులన్నీ వాడిన ఎలుకలవి. కాబట్టి కంట్రోల్‌గా కొన్న ఎలుకలు కాదు, అదే ఈతలో పుట్టిన లిటర్‌మేట్‌లను అడుగు. ఖర్చు, టైమ్ అని మీవాళ్లు సణుగుతారు, పట్టుబట్టు.

ఎల్‌పీఎస్ (ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా పైపొరలో ఉండే, రక్షణ కణాలను రెచ్చగొట్టే పదార్థం) అంటుకోవడం గురించి ఒక్క పేరా. ఆటోక్లేవ్ బ్యాక్టీరియాను చంపుతుంది గానీ ఎల్‌పీఎస్‌ను వదిలించదు. గాజుసామాను 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచాలి. ఈ.కోలైలో తయారుచేసిన ప్రొటీన్‌తో మాక్రోఫేజ్ టీఎన్‌ఎఫ్ అనే హెచ్చరిక ప్రొటీన్‌ను విడుదల చేసిందంటే ముందు ఎల్‌పీఎస్‌నే అనుమానించు. ఆ ప్రొటీన్‌ను మరిగించి మళ్లీ వేసి చూడు, మామూలుగా ప్రొటీన్ పాడవుతుంది, ఎల్‌పీఎస్ చెక్కుచెదరదు. టీఎల్‌ఆర్4 లేని మాక్రోఫేజ్‌లు దొరికితే ఇంకా మంచిది. ఎల్‌పీఎస్‌ను పసిగట్టేది టీఎల్‌ఆర్4 అని 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం చూపించింది కూడా ఎల్‌పీఎస్‌కు స్పందించని ఎలుకల్లో ఆ జన్యువు చెడి ఉందని కనుక్కునే.

న్యూట్రోఫిల్స్ జోలికి ఇప్పుడే పోకు. మనిషి రక్తంలోని తెల్లకణాల్లో అవి నూటికి 50 నుంచి 70, ఎలుకలో 10 నుంచి 25, ఒకదాని ఫలితం ఇంకోదానికి అంటగట్టడం కష్టం. పైగా గట్టిగా కదిపితే చాలు ఉలిక్కిపడి యాక్టివేట్ అయిపోతాయి, తీసిన కొద్ది గంటల్లోనే పని ముగించాలి. చేతికి స్థిరం వచ్చాక చూద్దువుగాని.

‘ఎన్’ (విడివిడిగా చేసిన ప్రయోగాల సంఖ్య) అంటే ఏమిటో మాత్రం మొదటిరోజే తేల్చుకో. ఒక ఎలుక మజ్జ నుంచి తీసిన కణాలను ఆరు గుంటల్లో వేస్తే అది ఒకటే, ఆరు కాదు. వేర్వేరు ఎలుకలు, వేర్వేరు రోజులు, ప్రతిసారీ తాజా కల్చర్, అప్పుడు లెక్క. బీఎస్‌ఎల్-2 భద్రతా నియమాలు ఎలాగూ నేర్పుతారు. ఒంటరిగా అర్ధరాత్రి ఇన్ఫెక్షన్ పని పెట్టుకోకు, అలసిన చేతే ట్యూబు జారవిడుస్తుంది.

మొదటి నెల కొత్త ప్రశ్నలేవీ వద్దు. మీ మామూలు సాల్మొనెల్లా ఒకటి, దాని ఫోపీ (phoP) మ్యూటెంట్, అంటే ఆ జన్యువు చెడినది, ఒకటి తీసుకో. ఫోపీ లేనిది మాక్రోఫేజ్‌లో సరిగ్గా బతకలేదని 1980ల నుంచీ తెలిసిన సంగతే. రెండింటినీ పక్కపక్కన పెట్టి, సున్నా, రెండు, 24 గంటలకు ప్లేట్ చెయ్యి, ఎల్‌డీహెచ్ కూడా చూడు. అందరికీ తెలిసిన ఆ తేడా నీ ప్లేట్ల మీద కనబడకపోతే, ఎవరికీ తెలియని తేడా గురించి మాట్లాడటానికి ఇంకా టైమ్ ఉంది. మూడుసార్లు వరసగా కనిపించాక అంకెలు పంపు. సగటులు కాదు, ప్లేట్‌కు ఎన్ని కాలనీలో విడివిడిగా, వేసిన ద్రవం ప్లేట్‌తో సహా. సున్నా గంటవి లేకుండా పంపితే మాత్రం తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు