బుజ్జీ, అన్నిటికీ ‘ఎస్తోయ్’ తగిలించకు

బుజ్జీ,

నువ్వు సెప్టెంబరులో స్పెయిన్‌లోని వలెన్సియా వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. చెప్పి ఊరుకోకుండా నువ్వు స్పానిష్ మాట్లాడిన వాయిస్ మెసేజ్ కూడా పంపింది. మొదటిసారి గర్వంగానే విన్నాను, మన ఇంట్లో నా తర్వాత ఆ భాష నోట పట్టింది నువ్వే మరి. రెండోసారి వింటే గుండె ఝల్లుమంది. నిమిషంన్నరలో ప్రతి క్రియ ముందూ, మన ‘తున్నాను’ లాంటి ఆ ఎస్తోయ్, ఎస్తోయ్, ఎస్తోయ్. మెక్సికోలోని గ్వాదలహారాలో దిగిన మొదటి ఏడాది నేను మాట్లాడినట్టే ఉంది, అచ్చం.

రూపాలు నీకు వచ్చు, వాటితో విసిగించను. ‘హాబ్లో’ అంటే మాట్లాడతాను, ‘ఎస్తోయ్ హాబ్లాందో’ అంటే మాట్లాడుతున్నాను. దుర్మియెందో, లెయెందో లాంటి వంకర్లు నాలుగు రోజులు వల్లె వేస్తే అవే వస్తాయి.

చిక్కంతా ఎప్పుడు ఏది వాడాలన్న దగ్గరే. నువ్వు ఇంగ్లీషు మీదుగా స్పానిష్‌కి వెళ్తున్నావు, అదీ మన ఇంగ్లీషు, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ ఇంగ్లీషు. ఆ దారి వదిలెయ్. తెలుగు మీదుగా వెళ్ళు. ‘రోజూ ఆరింటికి లేస్తాను’, ‘రేపు ఫోన్ చేస్తాను’, మనకి రెండింటికీ ఒకటే రూపం కదా? వాళ్ళకీ అంతే: ‘మే లెవాంతో ఆ లాస్ సెయిస్’, ‘మన్యానా తే యామో’. ‘తెలుసు’కి మనం ‘తున్నా’ తగిలించం, వాళ్ళూ ఒట్టి ‘సే’ అంటారు. ‘కూర్చుని ఉన్నాడు’ అంటే ‘ఎస్తా సెంతాదో’ (నాకైతే ఎస్తోయ్, అతనికైతే ఎస్తా), ఎవరైనా కుర్చీలో ఉంటే చాలు నువ్వు వెంటనే ‘సెంతాందో’ అనేయకు, అది కూర్చుంటున్న క్షణానికి.

అలాగని తెలుగునీ పూర్తిగా నమ్మకు. ‘రేపు వస్తున్నా’ అని మనం హాయిగా అంటాం, అక్కడ రేపటి సంగతికి ఎస్తోయ్ చెల్లదు, ‘మన్యానా వొయ్’ అంటే చాలు. ఇంట్లో ఎవరైనా పిలిచినా అంతే, మనం ‘ఆఁ వస్తున్నా’ అంటాం, వాళ్ళు ‘యా వొయ్’ అంటారు, మాటకి మాట పెడితే అది ‘వెళ్తాను’! నాకు అలవాటయ్యేసరికి ఆర్నెల్లు పట్టింది. కిటికీలోంచి చూసి వాన పడుతోందనాలంటే ‘ఎస్తా యోవియెందో’ అనొచ్చు, ఒట్టి ‘య్వేవే’ అన్నా తప్పులేదు. ‘కే ఆసెస్?’ అని ఎవరైనా అడిగితే ఇప్పుడు ఏం చేస్తున్నావనే కావచ్చు (మీ స్పెయిన్ వాళ్ళు నాలిక పళ్ళ మధ్య పెట్టి ‘ఆథెస్’ అంటారు, కంగారుపడకు). మూడేళ్ళుగా ఇక్కడ ఉంటున్నానని చెప్పడానికి కూడా ‘వీవో ఆకీ దెస్దే ఆసే త్రెస్ ఆన్యోస్’, మామూలు వర్తమానమే.

ఇక నేను చేసిన ఘనకార్యం. మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

మీ పెద్దనాన్నకి అప్పటికి స్టెంట్ వేసి ఏడాది. రోజూ రాత్రి భోజనం అయ్యాక రక్తం పలచబడే మాత్ర. ఒక శనివారం పొద్దున దవడ పన్ను తీయించుకోవడానికి వెళ్ళాం. నాకు స్పానిష్ వచ్చని ఆయనకి మహా నమ్మకం, నాకు అంతకు రెండింతలు. డాక్టరు ‘తోమా ఆల్గూన్ మెదికామెంతో?’ అన్నాడు. మందులేమైనా వాడతారా అని. నా బుర్రలోనేమో వర్తమానం అంటే ఈ క్షణం అని ముద్ర పడిపోయి ఉంది. టైము పదకొండు, మాత్ర రాత్రిది. తలెత్తి ధీమాగా చెప్పాను: ‘నో, నో ఎస్తా తొమాందో నాదా.’ ఇప్పుడేమీ వేసుకోవడం లేదు అని నా ఉద్దేశం. ఈ మధ్య ఏ మందూ వాడటం లేదు అని ఆయనకి అర్థమైంది. ఆ రూపం వాళ్ళకి ఈ క్షణానికే కాదు, ఈ రోజులకీ చెల్లుతుంది. మనం ‘బీపీకి మాత్రలు వేసుకుంటున్నాను’ అనమూ? తెలుగులో ఒక్కసారి ఆలోచించి ఉంటే తట్టేది, అప్పుడు నాకు వ్యాకరణం పుస్తకం మీద ఉన్న నమ్మకం నా భాష మీద లేదు.

పన్ను తీశాడు, పంపించాడు. సాయంత్రం దాకా దూది మారుస్తూనే ఉన్నాం, రక్తం ఆగదే! మీ పెద్దనాన్నేమో ఏం కాదులేవే అంటూ నోరు మూసుకుని కూర్చున్నారు, దిండు గలీబు ఎర్రబడిపోయింది. మళ్ళీ టాక్సీలో పరుగు. బ్యాగులోంచి మాత్రల స్ట్రిప్ తీసి చూపిస్తే డాక్టరు తల పట్టుకున్నాడు. ‘ఎంతోన్సెస్ సీ తోమా!’ అంటే, మరి వేసుకుంటారుగా! కుట్లు వేసి, గాజుగుడ్డ అదిమిపెట్టి, ఆగేదాకా కదలనివ్వలేదు. ముందే తెలిస్తే పొద్దున్నే ఆ జాగ్రత్త తీసుకునేవాడు. డాక్టరు తప్పేం లేదు. నాకు మాత్రం చేతుల వణుకు రెండు రోజులు తగ్గలేదు.

ఇప్పుడు అర్థమైందా నాకెందుకింత టెన్షనో? నీకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఆరేళ్ళప్పుడు వేసవి సెలవులకి మా ఇంటికొచ్చి, ఒక రాత్రంతా నా భుజం మీద కూర్చునే నిద్రపోయావు, పడుకోబెడితే ఆయాసం. నీ వీపు కింద గురగుర నాకు ఇప్పటికీ వినబడుతుంది. అందుకని మ్యూజియంలో ఏం మాట్లాడతావో, క్లాసులో ఎన్ని తప్పులు చేస్తావో నాకు పట్టదు, ఇవి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పాలి: ‘తెంగో ఆస్మా. ఉసో ఉన్ ఇనాలదోర్ తోదోస్ లోస్ దీయాస్.’ నాకు ఉబ్బసం ఉంది, రోజూ ఇన్‌హేలర్ వాడతాను. రెండింట్లోనూ ఎస్తోయ్ లేదు, చూశావా? ఊపిరాడట్లేదు అని చెప్పాల్సి వస్తే ‘నో ప్వేదో రెస్పిరార్’, అందులోనూ లేదు. అక్కడ ఎమర్జెన్సీ నంబరు 112, ఫోన్లో వేసుకో, ఇవాళే.

ఇన్‌హేలర్లు రెండు తీసుకెళ్ళు, రెండూ చేతి బ్యాగులోనే, పెద్ద సూట్‌కేసులో పడేసి విమానం ఎక్కావంటే ఊరుకోను. ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసి స్పానిష్‌లోనే మాట్లాడు, నవ్వను. నవ్వినా ఫోన్ పెట్టేయకు.

మీ పెద్దనాన్న వెనక నుంచి ఇదంతా చదివి, ఆ పన్ను గోల మళ్ళీ ఎందుకే అంటున్నారు. రాత్రి మాత్ర సంగతేంటి అని అడిగితే ‘తోమో, తోమో’ అనుకుంటూ వెళ్ళిపోయారు. రోజూ వేసుకుంటాననా, ఇప్పుడు వెళ్ళి వేసుకుంటాననా? లేచి వెళ్ళి చూసొస్తాను.

పెద్దమ్మ