ఫర్నేస్ ఎక్కడ ఆగిందో గమనించండి

ప్రశ్న: మిషిగన్‌లో ఉంటున్నాం. ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ పాతదే, ఇన్నాళ్లూ బాగానే పనిచేసింది. నిన్నటి నుంచి మంట అంటుకోవడం, నాలుగైదు సెకన్లకే ఆరిపోవడం. ఇలా మూడు నాలుగుసార్లయ్యాక ఇక కదలదు. ఇంట్లో మా అమ్మానాన్నలు, చంటిపాప ఉన్నారు. టెక్నీషియన్ సోమవారం గానీ రానన్నాడు. ఈలోగా మేం చేసుకోగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. ఫర్నేస్ ఒక వరసలో పనిచేస్తుంది. థర్మోస్టాట్ వేడి అడగగానే ముందు ఇన్‌డ్యూసర్ అనే చిన్న ఫ్యాన్ తిరిగి, పొగగొట్టం వైపు గాలిని లాగుతుంది. గాలి సరిగ్గా కదులుతోందని ప్రెషర్ స్విచ్ ఒప్పుకుంటే మంట అంటించే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది. అప్పుడు గ్యాస్ వాల్వ్ తెరుచుకుని మంట వస్తుంది. మంట వచ్చిన సంగతి కొద్ది సెకన్లలో ఫ్లేమ్ సెన్సర్, ఫర్నేస్‌ను నడిపే కంట్రోల్ బోర్డుకు చెప్పాలి. చెప్పకపోతే, మండని గ్యాస్ పోగవుతుందన్న జాగ్రత్తతో బోర్డు వాల్వ్ మూసేస్తుంది. మీ ఇంట్లో వరస సరిగ్గా ఇక్కడే తెగుతోంది. అందుకే ముందు అనుమానించాల్సింది ఫ్లేమ్ సెన్సర్‌ని.

మంటలో ఉండే ఈ సెన్సర్ కడ్డీ గుండా చాలా చిన్న కరెంటు పారుతుంది, మామూలుగా 1 నుంచి 6 మైక్రోఆంపులు. కడ్డీ మీద కంటికి సరిగ్గా ఆనని పూత పేరుకుంటే ఆ కాస్తా పారదు. మంట కళ్లెదుట మండుతున్నా బోర్డు లెక్కలో లేనట్టే.

థర్మోస్టాట్ ఆఫ్ చేయండి. ఫర్నేస్ పక్కన లైటు స్విచ్ లాంటిది ఉంటుంది, దాన్నీ బేస్‌మెంట్‌లోని బ్రేకర్‌నీ ఆపండి. గ్యాస్ వాల్వ్ కట్టేసి, ఫర్నేస్ చల్లారాక బర్నర్ల ముందున్న తలుపు తీయండి. పింగాణీ మొదలు, ఒకే ఒక్క వైరు, పెన్సిల్ కన్నా సన్నని కడ్డీ కనిపిస్తే అదే సెన్సర్. చాలా మోడళ్లలో ఇగ్నైటర్ ఒక చివర, ఇది రెండో చివర ఉంటాయి. సాధారణంగా పావు అంగుళం తలున్న ఒక్క స్క్రూతో బిగించి ఉంటుంది. వైరు నెమ్మదిగా లాగి, స్క్రూ విప్పి, కడ్డీని సన్నరకం స్టీల్ ఊల్‌తో మెరుపు వచ్చేదాకా రుద్దండి. గరుకు కాగితం వద్దు, అది పెట్టే గీతల్లో పూత మళ్లీ త్వరగా చేరుతుంది. పొడి గుడ్డతో తుడిచి బిగించండి. ఇగ్నైటర్‌కు వేలు కూడా తగలనీయకండి, చిన్న దెబ్బకే పగులుతుంది. తలుపు పూర్తిగా కూర్చోవాలి. ఇంట్లోకి గాలి తోసే పెద్ద ఫ్యాన్‌ను బ్లోయర్ అంటారు. దాని తలుపు వెనక చిన్న స్విచ్ ఉంటుంది, అది నొక్కుకోకపోతే కరెంటే రాదు.

రుద్దినా మంట నిలవకపోతే సెన్సర్ పింగాణీ పగిలిందేమో, వైరు వదులైందేమో చూడండి. బోర్డు మీద చిన్న లైటు ఎన్నిసార్లు వెలిగి ఆరుతోందో లెక్కపెట్టి రాసుకోండి. ఆ లెక్కకు అర్థం తలుపు లోపలి చీటీ మీద ఉంటుంది. టెక్నీషియన్‌కు ఫోన్‌లోనే ఆ అంకె, మోడల్ నంబరు చెబితే తగిన భాగం వెంట తెచ్చుకుంటాడు.

గ్యాస్ వాసన వచ్చినా, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా ఇవేవీ చేయకండి. ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి, అక్కణ్నుంచి 911కు ఫోన్ చేయండి. బ్లోయర్ తిరగగానే మంట ఊగిపోయినా, పసుపు రంగుకు మారినా ఫర్నేస్ ఆపేసి మనిషి వచ్చేదాకా ఆగాలి. మంట వేడిని ఇంటి గాలికి అందించే లోపలి హీట్ ఎక్స్‌చేంజర్ పగిలి ఉండొచ్చు.

సోమవారం దాకా పాపను, పెద్దవాళ్లను ఒకే గదిలో ఉంచండి. 1500 వాట్ల హీటర్ 12.5 ఆంపులు లాగుతుంది కాబట్టి ఒక సర్క్యూట్ మీద ఒకటే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ తీగ వద్దు, నేరుగా గోడ సాకెట్‌కే. పరుపులు, కర్టెన్లు మూడడుగుల దూరంలో ఉండాలి. వెచ్చదనం కోసం ఓవెన్ తెరిచిపెట్టడం, బొగ్గుల కుంపటి లోపలికి తేవడం ప్రాణాల మీదికి తెస్తాయి.

ప్రశ్న: న్యూజెర్సీలో రాత్రంతా మంచు కురిసింది. పొద్దున్నుంచి ఫర్నేస్‌లో చిన్న ఫ్యాన్ చప్పుడే తప్ప మంట లేదు.

జవాబు: మీది తెల్ల పీవీసీ గొట్టాలున్న రకమైతే ముందు బయటికెళ్లి వాటి మూతులు చూడండి. గాలి పీల్చేదీ పొగ వదిలేదీ మంచులో కూరుకుపోతే ప్రెషర్ స్విచ్ ఒప్పుకోదు. చేత్తో మంచు తీసి, చుట్టూ కూడా ఖాళీ చేయండి. అవి శుభ్రంగానే ఉంటే నీటి దారి చూడాలి. ఈ రకం ఫర్నేస్ నడుస్తున్నంతసేపూ నీళ్లు వదులుతుంది. ఆ సన్నగొట్టం మూసుకున్నా, చివర గడ్డకట్టినా, నీటిపంపు నిండిపోయినా ఇదే లక్షణం. ప్రెషర్ స్విచ్‌కు వెళ్లే రబ్బరు ట్యూబు చీలినా అంతే. స్విచ్‌ను దాటించి వైరు కలిపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పొగ ఇంట్లోకి రాకుండా కాపాడేది అదే.

ప్రశ్న: గాలి బాగానే వస్తోంది, కానీ చల్లగా.

జవాబు: థర్మోస్టాట్‌లో ఫ్యాన్ ‘ఆన్’లో ఉంటే ‘ఆటో’కు మార్చండి. తర్వాత ఫిల్టర్. గాలి ఆడకపోతే లోపల వేడి హద్దు మీరి లిమిట్ స్విచ్ మంటను ఆపేస్తుంది, చల్లార్చడానికి బ్లోయర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఒక అంగుళం ఫిల్టర్ నెలనెలా చూసి, మూడు నెలలు దాటకుండా మార్చాలి. రోజూ పోపులు, వేపుళ్లు చేసే ఇంట్లో గాలి లాగే జాలీ వంటగది దగ్గరుంటే ఇంకా ముందే జిడ్డు పడుతుంది. మందం సరిపోతుంది కదా అని మెర్వ్ (ఎంత సన్నని ధూళిని పడుతుందో చెప్పే అంకె) 13 రకం తెచ్చి దూరిస్తే కొన్ని ఫర్నేస్‌లకు ఊపిరాడదు. ఒక అంగుళం సైజులో మెర్వ్ 8 చాలు. ఫిల్టర్ మీది బాణం గుర్తు ఫర్నేస్ వైపు ఉండాలి. వాడని గదుల వెంట్లు మూసి ఉంటే తెరవండి.

ప్రశ్న: కొత్త స్మార్ట్ థర్మోస్టాట్ నేనే బిగించాను. ఇప్పుడు దానికీ కరెంటు లేదు, ఫర్నేస్‌లోనూ చలనం లేదు.

జవాబు: బ్రేకర్ ఆపకుండా వైర్లు మార్చి ఉంటే కరెంటు తెచ్చే ఆర్ వైరు, దాన్ని వెనక్కి తీసుకెళ్లే సీ వైరుకు తగిలి ఉంటుంది. బోర్డు మీద కారులో వాడే లాంటి చిన్న ఫ్యూజు ఉంటుంది, ఊదా రంగుదైతే 3 ఆంపులు, లేత గోధుమరంగుదైతే 5. కరెంటు ఆపి దాన్ని తీసి చూడండి. లోపలి తీగ తెగి ఉంటే అదే ఆంపులది వేయండి. కొత్తది కూడా వెంటనే పోతే వైర్లలో ఎక్కడో ఇంకా తాకుతున్నాయి. ఆ చోటు పట్టుకోకుండా పెద్ద ఫ్యూజు వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.