హ్యాండిల్ మార్చే ముందు

కావలి,
శుక్రవారం రాత్రి

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పాత బండి కొన్నావని నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోనులో చెప్పింది. 2012 మోడల్ స్ప్లెండర్, అదీ నీ జీతంలో మిగిల్చిన డబ్బుతో. ఆ మాట విన్నప్పటి నుంచి నేను కుదురుగా కూర్చోలేదు. మన ఇంట్లో ఇంతవరకు ఏ ఆడపిల్లా మోటారు సైకిలు నడపలేదు. మీ పెద్దమ్మకు చెబితే మారు మాట్లాడకుండా వెళ్ళి దేవుడి ముందు దీపం పెట్టింది. సంతోషంతోనో భయంతోనో నేను అడగలేదు. నాకూ రెండూ ఉన్నాయి.

మీ అమ్మ ఇంకొకటి కూడా చెప్పింది. ఆ బండికి మడ్‌గార్డులు కోయించి, చైను కవరు తీసేసి, పొట్టి హ్యాండిల్ బిగించి ఫోనులో చూసిన బొమ్మలాగా తయారు చేస్తావట. పనంతా నీ చేతులతోనే చేసుకుంటావట. మీ నాన్న అంతా విని, ఒక్క మాట అనకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడట. ఎందుకలా వెళ్ళాడో మీ అమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు కాగితాలు. ఆర్.సి.లో ఉన్న చాసిస్ నంబరూ, ఫ్రేము మెడ మీద చెక్కిన నంబరూ ఒకటేనా అని నీ కళ్ళతో చూడు. అమ్మినాయన చేత 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని బండిని నీ పేరుకు మార్పించుకో. బీమా మార్పుకు 14 రోజులే గడువు. 2027లో బండికి 15 ఏళ్ళు నిండుతాయి, అప్పుడు మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఎల్.ఎల్.ఆర్. వచ్చిన 30 రోజులకు గానీ లైసెన్సు పరీక్షకు వెళ్ళలేవు, ఆ నెల రోజులూ ఖాళీ మైదానంలో బ్రేకు వేయడం నేర్చుకో. ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్టు కొను, గడ్డం కింద పట్టీ బిగించు. ఇవి నీకు తెలిసినవే.

ఇక మరమ్మతు. బండిని అందంగా చేయాలన్న తొందర కొన్నాళ్ళు పక్కన పెట్టు. ముందు అది ఆగుతుందా, తిన్నగా వెళుతుందా చూడాలి. టైరులో గాళ్ళు లోతుగా ఉన్నాయని అమ్మినాయన చూపించి ఉంటాడు. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి, వాటిని చదువు. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. 3516 అని ఉంటే అది 2016లో 35వ వారంలో తయారైన టైరు. గాళ్ళు ఎంత ఉన్నా ఆ రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, తడి రోడ్డు మీద పట్టదు. మార్చెయ్యి. చైను మార్చితే అది తిరిగే రెండు పళ్ళ చక్రాలూ (స్ప్రాకెట్లు) కలిపి మార్చు, అరిగిన పళ్ళ మీద కొత్త చైను వేస్తే అది కూడా త్వరగా పాడవుతుంది. చైను లాకు క్లిప్పుకు ఒక కొన మూసి ఉంటుంది, ఇంకో కొన తెరిచి ఉంటుంది. చైను నడిచే దిక్కుకు మూసిన కొన ఉండాలి. తిరగేసి పెడితే ఎక్కడైనా తగిలి ఊడిపోతుంది.

వెనక బ్రేకు డ్రమ్ము ప్లేటును పట్టి ఉంచే కడ్డీ ఒకటుంది. బ్రేకు షూలు మార్చడానికి చక్రం విప్పినప్పుడు దాని నట్టు తీస్తావు. తిరిగి బిగించాక నట్టు ఊడకుండా కాటర్ పిన్ను పెట్టి, ఆ పిన్ను కాళ్ళు వంచడం మరచిపోకు. ఆ నట్టు ఊడిన బండి మీద బ్రేకు నొక్కితే ప్లేటు కూడా చక్రంతో పాటు తిరుగుతుంది, చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. ఏ నట్టయినా సరే, చేతి వేళ్ళతో నాలుగు చుట్లు తిరిగాకే స్పానరు పెట్టు. వేళ్ళకు లొంగని నట్టు మర అడ్డం పడిందన్న మాటే.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. మీ నాన్న ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు కదా. చిన్నప్పుడు గేదె అడ్డం వచ్చి బండి పడిపోయిందని నీకు చెప్పి ఉంటారు. ఆ రోజు అక్కడ గేదె లేదమ్మా.

అది 1989. నాకు 22 ఏళ్ళు, మీ నాన్నకు 14. నేను ట్రంకు రోడ్డులో ఒక షెడ్డులో చేరి ఏడాదయింది. పనంతా వచ్చేసిందని నమ్మేవాణ్ణి. మీ తాతయ్య ఒంగోలు కోడెదూడల జతను అమ్మి నాకు ఒక పాత యమహా ఆర్.ఎక్స్.100 కొనిపెట్టాడు. వంద సీసీ కూడా లేని ఇంజను, 11 గుర్రాల శక్తి. ఆ తేలిక బండికి అది ఎక్కువే. మద్రాసు నుంచి వచ్చిన ఒక బండికి ఎత్తయిన, వెడల్పాటి హ్యాండిల్ చూశాను. అలాంటిది కావాలనిపించింది. కొని తెచ్చి ఒక రాత్రంతా కూర్చుని బిగించాను. క్లచ్ కేబులు అందలేదు, ముందు బ్రేకు కేబులు అందలేదు. రెండూ పొడవువి తెచ్చి వేశాను. యాక్సిలరేటర్ కేబులు మాత్రం అందింది. హ్యాండిల్ తిన్నగా ఉంటే సరిగ్గా సరిపోయింది. ఇంకొకటి కొనడం దేనికని ఆ కొద్ది రూపాయలూ మిగుల్చుకున్నాను.

తెల్లవారి మీ నాన్నను వెనక ఎక్కించుకుని పొలానికి బయలుదేరాను. రోడ్డు మీద బండి ఎంత బాగా వెళ్ళిందో చెప్పలేను. వాడు నా భుజాలు పట్టుకుని కేకలు వేస్తున్నాడు. పంట కాలువ మీద చిన్న కల్వర్టు వస్తుంది, అక్కడ ఎడమకు తిరిగి డొంకలో దిగాలి. దాదాపు ఆగినంత నెమ్మదించి, హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పాను. అలా తిప్పినప్పుడు కుడి చెయ్యి ముందుకు జరుగుతుంది కదా, దానితో పాటు యాక్సిలరేటర్ పిడీ జరిగింది. చాలీచాలని కేబులు బిగిసి, కార్బురేటర్‌లో ఇంజనుకు గాలీ పెట్రోలూ వదిలే స్లైడును పైకి లాగేసింది. నేను పిడి తిప్పలేదు. వదిలేశాను కూడా. అయినా ఇంజను అరిచింది, బండి ముందుకు దూకింది. క్లచ్ పట్టుకోవాలని చేతికి తోచేలోపు కల్వర్టు గోడ వచ్చేసింది. బండికీ రాయికీ నడుమ వాడి కాలు నలిగింది.

అటు వచ్చిన వడ్ల లారీలో కావలికి, అక్కడి నుంచి నెల్లూరుకు తీసుకువెళ్ళాం. దారంతా వాడు ఏడవలేదు, నా చొక్కా మాత్రం వదలలేదు. ఆసుపత్రి వరండాలో మీ తాతయ్య నా వైపు చూసి ‘ఏం చేశావురా?’ అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. స్ట్రెచర్ మీద నుంచి వాడే అన్నాడు, ‘గేదె అడ్డం వచ్చింది నాన్నా, అన్న తప్పు లేదు’ అని. పద్నాలుగేళ్ళ పిల్లవాడు. నేను పిడి వదిలేయడం వాడు వెనక నుంచి చూశాడు. తప్పు ఎవరిదో వాడికి తెలుసు. నాలుగు నెలలు పిండికట్టుతో ఉన్నాడు. ఎముక అతికింది గానీ కాలు కొంచెం పొట్టిదైంది. అంతకు ముందు వాడు స్కూలు కబడ్డీ జట్టులో ఉండేవాడు. తరువాత ఎప్పుడూ ఆ మైదానం వైపు వెళ్ళలేదు. మీ తాతయ్య పోయేదాకా గేదె మాటే నమ్మాడు. ఆయనకు నిజం చెప్పే ధైర్యం నాకు ఒక్కరోజు కూడా రాలేదు.

ఆ తరువాత నేను సొంత షెడ్డు పెట్టుకున్నాక ఏ పని మీద వచ్చిన బండినైనా హ్యాండిల్ ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి చూడకుండా బయటికి పంపలేదు. ఆ పని నువ్వూ నేర్చుకోవాలి. బండిని సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో ఇంజను నడిపించు. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పు. ఇంజను చప్పుడు వెంట్రుకవాసి కూడా మారకూడదు. రెండు కొసల్లోనూ పిడి తిప్పి వదులు. టక్కున దానంతట అది వెనక్కి రావాలి. రాకపోతే బండి కదలకూడదు. ఎత్తు హ్యాండిల్‌కు కేబులు చాలదు. నువ్వు వేయాలనుకునే పొట్టి హ్యాండిల్‌కు మిగిలిపోతుంది, ట్యాంకుకూ ఫోర్కుకూ నడుమ మడత పడి పట్టేస్తుంది. పైగా హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు నీ బొటనవేలు ట్యాంకుకు నొక్కుకుంటుందేమో కూడా చూడాలి.

మిగతా మార్పుల సంగతి విను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ చేసిన తీరుకు భిన్నంగా, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తప్పయ్యేలా బండిని మార్చకూడదు. ఫ్రేము కోయడం మాట ఎత్తకు. సీటు కుట్టించుకో, నాకు అభ్యంతరం లేదు. రంగు మార్చాలంటే ఆర్.టి.ఏ. ఆఫీసుకు చెప్పి ఆర్.సి.లో రాయించాలి. వెనక చక్రం పక్కన చీర గార్డు ఉంటుంది చూడు, అది తీయనివ్వను. కేంద్ర నిబంధనల్లో 123వది దాని గురించే, వెనక కూర్చునేవారి బట్టలు చిక్కకుండా చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పి ఉండాలని. చైను కవరు తీసేస్తే నీ చున్నీ ఏమవుతుందో ఆలోచించావా? చున్నీ చైనులో చిక్కిన అమ్మాయిని నా షెడ్డు ముందే చూశాను. నా చేతులతో కత్తిరించి విడిపించాను. నీకు ఇంత కోపంగా రాస్తున్నానని అనుకోకు. చిన్నప్పుడు నా షెడ్డులో బాల్ బేరింగులు పోగేసి ఆడుకున్న పిల్లవు, నీ చేతుల్లో ఆ నేర్పు ఉందని నాకు అప్పుడే తెలుసు.

బండి సిద్ధమయ్యాక కూడా కొన్నాళ్ళు హైవే ఎక్కకు. పల్లె రోడ్ల మీద కోతల కాలంలో వడ్లు ఆరబోస్తారు, వాటి మీద బ్రేకు వేస్తే చక్రం నిలవదు. సముద్రం వైపు రోడ్ల మీద రొయ్యల లారీల నుంచి కారిన నీళ్ళుంటాయి. రెంటి మీదా యాక్సిలరేటర్ తగ్గించి తిన్నగా దాటిపో. చీకటి పడ్డాక మొదటి మూడు నెలలూ తీయవద్దు.

ఆదివారం బండిని నడిపించుకు రాకు, టాటా ఏస్‌లో ఎక్కించి పంపు. నువ్వూ మీ నాన్నా బస్సులో రండి. వాడు రానంటే ఈ ఉత్తరం చదివి వినిపించు, గేదె సంగతి నీకు చెప్పేశానని తెలియాలి. స్పానర్లు నా దగ్గరున్నాయి, పని మాత్రం నువ్వే చేయాలి, నేను పక్కన కూర్చుంటాను. కొత్త కేబులు, వెనక ఫుట్‌రెస్టులకు కొత్త రబ్బర్లు ఈ సాయంత్రమే కొని ఉంచాను.

మీ పెదనాన్న